మచ్చలు పోయాయని మందు ఆపకండి: అక్వేరియం చేపలకి వైట్ స్పాట్ వస్తే ఏం చేయాలి

డిసెంబర్ రెండో వారం, ఆదివారం పొద్దున. కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చుంటే మా ఏంజెల్ చేప తోక మీద ఉప్పు రేణువంత తెల్ల చుక్క ఒకటి కనబడింది. అద్దం మీద మరకేమో అనుకుని వేలితో తుడిచాను. చుక్క చేపతో పాటే కదిలింది. మంగళవారానికి రెక్కల మీద పదో పన్నెండో తేలాయి, గురువారానికి నియాన్ టెట్రాలకి కూడా పాకింది. ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఒరేయ్, చేపకి అమ్మవారు పోసిందిరా, రెండు వేప రెబ్బలు నీళ్లలో వెయ్యి" అంది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా మేనమామ ఇంకా కంగారు పెట్టాడు. "వైట్ స్పాటా? ఇంక లాభం లేదు అల్లుడూ, నీళ్లన్నీ తోడేసి ఎండగట్టాల్సిందే" అన్నాడు.

ముందు మామయ్య మాట తేల్చేస్తాను, ఎందుకంటే కోస్తా వాళ్లకి ఆ పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్యల చెరువుల్ని ఊడ్చిపెట్టేసిన వైట్ స్పాట్ ఒక వైరస్. అది రొయ్యలకీ పీతలకీ వచ్చే జబ్బు, దానికి మందు లేదు. మన ట్యాంకులో చేపలకి వచ్చేది వైరస్ కాదు, ఒకే ఒక్క కణం ఉన్న పరాన్నజీవి. ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అని నోరు తిరగని పేరు ఉంది కానీ చేపలు పెంచేవాళ్లంతా 'ఇక్' అనేస్తారు. పేరు కలిసింది తప్ప రెండింటికీ సంబంధం లేదు. దీనికి మందు ఉంది, తొందరగా పట్టుకుంటే చాలా మటుకు చేపలు బతుకుతాయి. మనుషులకి అంటదు కూడా.

ఇక అమ్మ మాట. వేపాకు వద్దు, పసుపు వద్దు. వేపలో పురుగుల్ని చంపే గుణం ఉందనే కదా మనం వాడేది, మోతాదు మించితే చేపకీ అదే గతి పడుతుంది, ఎంత వేస్తే మించినట్టో ఇంట్లో కొలిచే దారి లేదు.

నేను చేసిన తప్పు

మాది మారతహళ్లిలో రెండో అంతస్తు ఫ్లాటు, రెండడుగుల ట్యాంకు, అందులో ఒక ఏంజెల్, ఏడు నియాన్లు, నాలుగు మోలీలు, ఒక సక్కర్. హీటర్ లేదు. "బెంగళూరులో హీటర్ ఎందుకు సార్, వెదర్ సూపర్ కదా" అని కొన్నప్పుడు చెప్పిన మాటని నేనూ నమ్మాను. మచ్చలు చూసి పక్క వీధిలో షాపుకి పరిగెత్తితే ఒక చిన్న సీసా చేతిలో పెట్టి "రోజుకి అయిదు చుక్కలు, నాలుగు రోజులు" అన్నాడు. ట్యాంకు ఎన్ని లీటర్లని అడగలేదు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయని అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాలుగో రోజుకి మచ్చలు నిజంగానే పోయాయి. అద్దంలా ఉంది ఏంజెల్. మందు ఆపేశాను, నీళ్లు మార్చాను, అమ్మకి ఫోన్ చేసి తగ్గిపోయిందని చెప్పాను కూడా. సరిగ్గా తొమ్మిదో రోజు పొద్దున లైటు వేస్తే ట్యాంకులో ప్రతి చేప మీదా రవ్వ చల్లినట్టు ఉంది. ఈసారి పదీ పన్నెండూ కాదు, లెక్కపెట్టలేనన్ని. నియాన్లు పైకొచ్చి నీటి మీద నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి. ఏడింట్లో అయిదు పోయాయి.

ఎందుకలా అయిందో తెలియాలంటే ఆ పురుగు బతుకు ఎలా నడుస్తుందో తెలియాలి. అది అర్థమైతే మిగతా వైద్యమంతా మీకే తోస్తుంది, అందుకని ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి.

మనకి కనబడే తెల్ల చుక్క చేప చర్మం పైన అంటుకున్నది కాదు. పురుగు పై పొర కిందకి దూరి, అక్కడే గిర్రున తిరుగుతూ చేప కణాల్ని తింటూ పెరుగుతుంది. బాగా బలిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది, అందుకే మామూలు కంటికి కనబడుతుంది. పైన చర్మం కప్పి ఉంది కాబట్టి నీళ్లలో వేసిన మందు దాన్ని ఏమీ చేయదు. కడుపు నిండాక చేపని వదిలేసి అడుగుకి జారి గులకరాళ్లకో, మొక్క ఆకుకో, ఫిల్టర్ స్పాంజికో అతుక్కుంటుంది. తన చుట్టూ జిగురు గోడ కట్టుకుంటుంది. అప్పుడూ మందు దాని దాకా వెళ్లదు. ఆ గోడ లోపల ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది, అలా వందల్లోకి, ఒక్కోసారి వెయ్యి దాకా చీలిపోతుంది. తర్వాత గోడ పగిలి పిల్లలన్నీ నీళ్లలోకి ఈదుకుంటూ వస్తాయి, చేప కోసం వెతుకుతాయి. రెండు రోజుల లోపు చేప దొరకలేదా, చచ్చిపోతాయి. మందుకి గానీ ఉప్పుకి గానీ అది దొరికేది ఈ ఈదే దశలో మాత్రమే.

ఇప్పుడు నా నాలుగో రోజు గుర్తు చేసుకోండి. మచ్చలు పోవడం అంటే పురుగులన్నీ ఎదిగి కిందకి రాలాయని. నేను సంబరంగా అమ్మకి ఫోన్ చేసిన గంటలోనే అవి గులకరాళ్ల సందుల్లో వందలుగా చీలుతున్నాయి. వాటి పిల్లలు బయటికొచ్చే వేళకి నీళ్లలో మందు లేదు.

బెంగళూరు చలి లెక్క

ఈ చక్రం ఎన్ని రోజులకి తిరుగుతుందన్నది పూర్తిగా నీళ్ల వేడి మీద ఉంటుంది. 25, 26 డిగ్రీల్లో ఒక చుట్టు వారం లోపే అయిపోతుంది. 20 దగ్గర రెండు వారాల దాకా సాగుతుంది. 10 డిగ్రీల్లో అయితే నెల దాటుతుంది. చెన్నైలో ఉన్న మా బావగారి ట్యాంకులో హీటర్ లేకుండానే ఏడాదిలో చాలా రోజులు నీళ్లు 27, 28 ఉంటాయి. ఇక్కడ డిసెంబర్, జనవరి రాత్రుళ్లు బయట 15, 16కి పడిపోతుంది, కిటికీ పక్కన పెట్టిన మా ట్యాంకులో తెల్లారుజామున కొలిస్తే 20.5. మధ్యాహ్నానికి 24. రోజూ ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే వెచ్చటి నీళ్లకి అలవాటైన చేప రోగాన్ని తట్టుకునే శక్తి కోల్పోతుంది, అప్పటిదాకా ఎక్కడో నక్కి ఉన్న ఒకటీ అరా పురుగుకి అదే అదను. పైగా చల్లని నీళ్లలో నాలుగు రోజుల మందు అంటే ఒక చుట్టు సగం కూడా కాలేదన్నమాట.

అందుకే నా మొదటి సలహా మందు గురించి కాదు. నూట యాభయ్యో రెండొందలో పెట్టి థర్మామీటర్ కొనండి, ఆ తర్వాత హీటర్ కొనండి. లీటరుకి ఒక వాటు లెక్క వేసుకుంటే సరిపోతుంది, మా రెండడుగుల ట్యాంకుకి 50 వాట్లది పెట్టాను. హీటర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే స్విచ్ వేయాలి. నీళ్లు మార్చే ముందు స్విచ్ ఆపి పావుగంట ఆగాలి, వేడిగా ఉన్న గాజు గొట్టం గాలి తగిలినా చల్లనీళ్లు తగిలినా టప్పున పగులుతుంది. స్విచ్ ఆపకుండా నీళ్లలో చేయి పెట్టొద్దు, ఇది మాత్రం చేపల గురించి కాదు, మీ గురించి.

అది వైట్ స్పాటేనా?

మందు పోసే ముందు రెండు నిమిషాలు చూడండి. గదిలో లైటు ఆపేసి, ఫోన్ టార్చి పక్క నుంచి వేస్తే స్పష్టంగా తెలుస్తుంది. విడివిడిగా, గుండ్రంగా, ఉప్పు రేణువుల సైజులో తెల్ల చుక్కలు, ఎక్కువగా రెక్కల మీద, తోక మీద. అంతకు ముందే చేపలు గులకరాళ్లకీ ఫిల్టర్ గొట్టానికీ ఒళ్లు రుద్దుకుంటూ ఉంటాయి, రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడతాయి. ఆ దురద మచ్చలకంటే ముందు వస్తుంది, నేను దాన్ని చూసి ఆడుకుంటున్నాయనుకున్నాను.

చుక్కలు కాకుండా ఒంటి మీద బంగారు రంగు పొడి చల్లినట్టు మెరుస్తుంటే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. నోటి చుట్టూ, వీపు మీద దూదిలా తెల్లగా ఉంటే అది ఫంగస్ గానీ కాలమ్నారిస్ అనే బాక్టీరియా గానీ అయ్యుండొచ్చు, ఈ కాలమ్నారిస్‌కి నీళ్లు వేడి చేస్తే చేప ఇంకా తొందరగా పోతుంది, కాబట్టి దూది చూసి హీటర్ పెంచొద్దు. గోల్డ్ ఫిష్ ఉన్నవాళ్లకి ఇంకో మాట: మగ గోల్డ్ ఫిష్‌కి ఈడు వచ్చినప్పుడు మొప్పల రేకు మీద, ముందు రెక్క అంచున వరుసగా తెల్ల పొక్కులు వస్తాయి. అవి రోగం కాదు, చేప హుషారుగా తిరుగుతూనే ఉంటుంది. వాటిని వదిలేయండి.

మచ్చ ఒక్కటీ లేకుండా చేపలు పైకొచ్చి గస పెడుతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, పురుగు మొప్పల్లో చేరి ఉండొచ్చు, అక్కడున్నది మనకి కనబడదు.

వైద్యం

చాలామంది మచ్చలున్న చేపని మాత్రం గిన్నెలోకి తీసి మందు వేస్తారు. పురుగు గులకరాళ్లలో ఉంటే చేపని తీసి ఏం లాభం? ఒక చేపకి వచ్చిందంటే ట్యాంకు మొత్తానికి వచ్చినట్టే, ట్యాంకుకే వైద్యం చేయాలి.

ముందు నీళ్లు ఎన్నో సరిగ్గా లెక్క వేయండి. రెండడుగుల ట్యాంకు అంటే షాపులో 55 లీటర్లంటారు. టేపుతో లోపలి కొలతలు తీశాను: పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 29, గులకరాళ్ల పై నుంచి నీటి మట్టం దాకా 24. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 42 లీటర్లు కూడా లేవు. 55 అనుకుని మందు పోస్తే మూడో వంతు దాకా ఎక్కువ పోసినట్టు, నియాన్ లాంటి చిన్న చేపలకి ఆ తేడాయే చాలు.

తర్వాత వేడి. రెండు మూడు గంటలకి ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ ఒకటి రెండు రోజుల్లో 30కి తీసుకెళ్లండి. వేడి పెరిగితే పురుగు చక్రం తొందరగా తిరుగుతుంది, అది తొందరగా ఈదే దశకి వస్తుంది, మనకి తొందరగా దొరుకుతుంది. 30 దగ్గర ఈ పురుగులో చాలా రకాలకి సంతానం కూడా సరిగ్గా సాగదు. అలాగని వేడి ఒక్కటే నమ్ముకోకండి, ఆ వేడిని తట్టుకునే మొండి రకాలూ ఉన్నాయి. మొదటి రెండు రోజులు మచ్చలు పెరిగినట్టు కనబడతాయి, లోపలున్నవన్నీ ఒకేసారి బలుస్తాయి కాబట్టి అలా జరుగుతుంది, మందు పని చేయట్లేదని మోతాదు పెంచేయకండి. ఏంజెల్, మోలీ, గప్పీ, గౌరామి లాంటివి 30ని బాగానే తట్టుకుంటాయి. నియాన్లకి 28, 29 చాలు. గోల్డ్ ఫిష్ చల్లనీళ్ల చేప, దానికి 26 దాటించను నేను, బదులుగా ఎక్కువ రోజులు ఉప్పు నడిపిస్తాను.

వేడితో వచ్చే చిక్కు గాలిది. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్ర మట్టంలో 25 డిగ్రీల నీళ్లు లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ అందులోనూ పదో వంతు కోత, అంటే 7కి కూడా చేరదు. పురుగు కొరికిన మొప్పలతో చేప ఆ కాస్త గాలినే పీల్చుకోవాలి. అందుకని వైద్యం జరిగినన్ని రోజులు ఎయిర్ పంపు, బుడగలు వదిలే రాయితో సహా, రాత్రీ పగలూ ఆడాలి. చప్పుడు వస్తోందని పడుకునేటప్పుడు ఆపేసేవాళ్లున్నారు (మా ఆవిడ), దయచేసి ఆపొద్దు. కరెంటు పోయే ఏరియా అయితే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఇప్పుడు ఉప్పా, మందా? మచ్చలు కొన్నే ఉండి చేపలు తింటూ తిరుగుతుంటే నేను వేడికి తోడు ఉప్పుతో మొదలుపెడతాను. ఎక్కువైపోయినా, గస పెడుతున్నా నేరుగా మందే. రెండూ ఒకేసారి కలిపి కుమ్మరించొద్దు.

ఉప్పు అంటే కల్లుప్పు, ఏమీ కలపని రాళ్ల ఉప్పు. లీటరుకి 2 గ్రాములు. 42 లీటర్లకైతే 84 గ్రాములు. ఇది చెంచాలతో కొలవొద్దు, కల్లుప్పు చెంచాకి ఒక్కోసారి ఒక్కో బరువు తూగుతుంది, వంటింట్లో కేకుల కోసం కొన్న తూకం మిషన్ ఉంటుంది కదా, దాని మీద తూచండి. మూడు భాగాలు చేసి, 28 గ్రాముల చొప్పున, పన్నెండు గంటలకి ఒకటి వేయాలి. మగ్గులో ట్యాంకు నీళ్లే తీసుకుని ఉప్పు పూర్తిగా కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడే చోట సన్నగా పోయండి. రాయి కరగకుండా చేప మీద పడితే చర్మం కాలినట్టు అవుతుంది. మా ట్యాంకులో లాగా సక్కర్, నియాన్ ఉన్నా, కోరీ, లోచ్ లాంటి అడుగున తిరిగే చేపలున్నా లీటరుకి 1 గ్రాము దగ్గరే ఆగండి. ఫైటర్ చేపని చిన్న గిన్నెలో పెంచేవాళ్లకి కూడా లెక్క ఇదే, గిన్నె చిన్నదైతే తూకం ఇంకా జాగ్రత్తగా వేయాలి.

ఇంకో చిన్న విషయం, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు ఆవిరవదు, కాబట్టి తగ్గిన మట్టం నింపడానికి మామూలు నీళ్లే పోయాలి. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రం తీసినన్ని లీటర్లకే ఉప్పు కలపాలి. లీటరుకి 2 గ్రాముల లెక్క అయితే 10 లీటర్లు మారిస్తే 20 గ్రాములు, అంతే. కొన్ని మొక్కలు ఉప్పుకి వాడిపోతాయి, పోతే పోనివ్వండి, మొక్క మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇక మందు సంగతి. షాపుల్లో దొరికే వైట్ స్పాట్ మందుల్లో ఎక్కువ భాగం మలాకైట్ గ్రీన్, కొన్నింట్లో దానికి తోడు ఫార్మలిన్. సీసా మీద రాసిన మోతాదు, మీరు కొలిచిన లీటర్లు, రెండింటికీ లెక్క కుదిర్చి వేయండి. పొలుసులు లేని చేపలకీ, నియాన్లకీ సగం మోతాదుతో మొదలుపెట్టండి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయాలి, లేకపోతే మీరు పైన పోసిన మందుని అది కింద లాగేస్తుంది. వెలుతురుకి మలాకైట్ విరిగిపోతుంది కాబట్టి ట్యాంకు లైటు ఆపేయండి. చేతికి గ్లవుజులు తప్పనిసరి. తినే చేపల పెంపకంలో నిషేధించిన రసాయనం అది, గర్భంతో ఉన్నవాళ్లు ఆ సీసా జోలికే వెళ్లొద్దు. రాగి ఉన్న మందులు నత్తలనీ, ట్యాంకు రొయ్యల్నీ చంపేస్తాయి, అవి ఉంటే ముందే వేరే చోటికి మార్చండి. మిథిలీన్ బ్లూ అని నీలం మందు ఇస్తారు, అది ఫిల్టర్‌లో మంచి బాక్టీరియాని దెబ్బతీస్తుంది, అద్దాల మధ్య సిలికాన్‌ని నీలంగా మార్చేస్తుంది, ఖాళీ టబ్బులో తప్ప ట్యాంకులో పోయొద్దు. మా ట్యాంకు మూలలు ఇప్పటికీ నీలమే.

ఇక రోజువారీ పని. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చాలి, అదీ పైనుంచి మగ్గుతో ముంచి కాదు, సైఫన్ గొట్టం గులకరాళ్లలోకి దించి అడుగు మురికితో సహా లాగాలి. గోడ కట్టుకుని కూర్చున్న పురుగులు ఆ మురికితోనే బయటికి వచ్చేస్తాయి, మందుకి అందనివి గొట్టానికి అందుతాయన్నమాట. ఏ మందు కంటే ఈ పని ఎక్కువ మేలు చేసిందని నాకు గట్టి నమ్మకం. తర్వాతే ఆ రోజు మోతాదు మందు.

పోసే నీళ్ల సంగతి. కావేరి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి పోయండి. ట్యాంకర్ నీళ్లూ బోరు నీళ్లూ వారానికోసారి మారుతుంటే చేపకి అదో కష్టం, ఈ రెండు వారాలైనా ఒకే రకం నీళ్లు పట్టి ఉంచుకోండి. సంపు నుంచి వచ్చే నీళ్లు జనవరి పొద్దున ఐసులా ఉంటాయి, అవి నేరుగా పోస్తే మీరు పెంచిన వేడంతా ఒక్క నిమిషంలో పోతుంది. నేను స్టీలు గిన్నెలో రెండు లీటర్లు కాచి, బకెట్ నీళ్లలో కొంచెం కొంచెం కలుపుతూ థర్మామీటర్ 29 చూపించాకే పోస్తాను. పసిపిల్లకి నీళ్లు తోడినట్టే ఉంటుంది. మేత సగానికి తగ్గించండి, తినకుండా మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది, రోగంతో ఉన్న చేపకి అది రెండో దెబ్బ.

ఎన్ని రోజులు? ఆఖరి మచ్చ కనబడిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. నీళ్లు 28 నుంచి 30 మధ్య ఉంటే అక్కడి నుంచి ఇంకో వారం నుంచి పది రోజులు, మొత్తం కలిపి రెండు వారాలకి తక్కువ కాకుండా నడపాలి. హీటర్ లేక నీళ్లు 22, 23 ఉంటే ఆఖరి మచ్చ తర్వాత రెండు వారాలకి పైగానే. మధ్యలో కొత్త మచ్చ ఒక్కటి కనబడినా లెక్క మళ్లీ మొదటి నుంచి. అయిపోయాక వేడి రోజుకి ఒక డిగ్రీ చొప్పున దించండి, ఉప్పు నీళ్లు మారుస్తూ మెల్లగా తగ్గించండి, మందు వేసినవాళ్లు కొత్త బొగ్గు పెడితే మిగిలిన రంగు లాగేస్తుంది.

చేపలు అన్నీ పోయి ట్యాంకు ఖాళీ అయినవాళ్లు గులకరాళ్లు పారేయక్కర్లేదు. చేప లేకపోతే పురుగుకి తిండి లేదు. 28 డిగ్రీల దగ్గర ఫిల్టర్ నడుస్తూ రెండు వారాలు ఖాళీగా ఉంచితే చాలు, చల్లటి నీళ్లలో అయితే నెల ఆగండి. మామయ్య చెప్పిన ఎండగట్టడం కూడా పని చేస్తుంది నిజానికి, పూర్తిగా ఆరిపోతే ఇది బతకదు, కాకపోతే ఫిల్టర్‌లో మంచి బాక్టీరియా కూడా దాంతోనే పోతుంది.

కొత్త చేపల సంగతి

మాకు అసలు ఎక్కడ నుంచి వచ్చిందో తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది. నవంబర్ ఆఖరులో శివాజీనగర్ వైపు వెళ్లినప్పుడు నాలుగు నియాన్లు కొని, కవరు పది నిమిషాలు ట్యాంకులో తేలేసి, ఆ నీళ్లతో సహా లోపల వంచేశాను. ఇక్కడి షాపులకి చాలా చేపలు చెన్నై కొళత్తూరు వైపు నుంచి కవర్లలో రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. అక్కడి వెచ్చటి నీళ్ల నుంచి బెంగళూరు డిసెంబర్‌లోకి. పోయిన అయిదింట్లో రెండు పాతవే, మూడేళ్లుగా ఉన్నవి.

ఇప్పుడు కొత్త చేప ఏదైనా ముందు 20 లీటర్ల నీళ్ల క్యాన్‌లోకి వెళ్తుంది. పాతబడ్డ క్యాన్ ఒకటి పైభాగం కోయించి, అందులో చిన్న స్పాంజ్ ఫిల్టర్, 25 వాట్ల హీటర్ పెట్టాను. హీటర్ ప్లాస్టిక్ గోడకి తగలకుండా ఒక పెద్ద రాయికి రబ్బరు కప్పులతో అంటించాను. గులకరాళ్లు లేవు, కాబట్టి అడుగున ఏది రాలినా కనబడుతుంది. వంటింటి గట్టు మీద ఉంటుంది, బాల్కనీలో చలి. మూడు వారాలు, కుదిరితే నాలుగు. షాపు కవరులో నీళ్లు చుక్క కూడా లోపలికి రానివ్వను, చేపని వలతో తీసుకుంటాను, నీళ్లు సింకులోకి. ఆ క్యాన్‌కి వేరే వల, వేరే మగ్గు, వాడాక రెండూ కిటికీ దగ్గర ఎండలో పూర్తిగా ఆరాలి. మొక్కలు కొన్నా అంతే, చేప లేని వేరే బకెట్‌లో రెండు వారాలు.

మిగిలిన రెండు నియాన్లకి తోడుగా గత నెలలో ఆరు తెచ్చాను. క్యాన్‌లో పెట్టిన ఆరో రోజు ఒక దాని తోక మీద ఒక చుక్క తేలింది. లీటరుకి ఒక గ్రాము ఉప్పు, 29 డిగ్రీలు, పంతొమ్మిది రోజులు. అమ్మ ఈ మధ్య ఫోన్ చేసిన ప్రతిసారీ "అమ్మవారు తగ్గిందా?" అని అడిగి, తగ్గిందంటే "మరి నీళ్లు పోశావా?" అంటోంది. పోశానమ్మా, అయిదు లీటర్లు, 29 డిగ్రీలు.